దశబంధము – ఇంజనీర్ల సభల పద్దు

ఒక సభ యెట్టిదో తెలియవలెనన్న దాని యుపన్యాసములను వినుట చాలదు. దాని పద్దు పుస్తకమును చూడవలెను. ధనమెచ్చటనుండి వచ్చుచున్నది, ఎచ్చటికి పోవుచున్నది యను రెండు ప్రశ్నలకు వచ్చు సమాధానమే యా సభయొక్క నిజమైన యాశయము. ఇంజనీర్ల సభలకును ఇదియే న్యాయము. ఈ న్యాయమును మేము గుడిబండ ప్రాంతమున నిలిచి పరిశీలింపదలచితిమి. ఏలయన, నీటిపనికి విద్యయు ధనమును ఎట్లు కలిసియుండెనో, పిమ్మట ఎట్లు విడిపోయెనో ఈ సీమ చరిత్రయే చెప్పుచున్నది.

గుడిబండ పూర్వము అనంతపురము జిల్లా మడకశిర తాలూకాలోనిది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పాత అనంతపురము జిల్లాకు ఏటి సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను కొలది దినములలో కురిసి వెళ్లిపోవును. పోవు నీటిని పట్టి నిలుపు చెరువు లేనిచో చేనును ఎండును, బావియు ఎండును. కావున నిచ్చట చెరువుకట్ట యన్నది గ్రామముయొక్క ప్రాణము.

చెరువునకు కావలసిన వానిని మన పూర్వులు లెక్కించి శిలపై చెక్కించిరి. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును కట్టించినవాడు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు. 1369వ సంవత్సరపు దాని శాసనము మంచి చెరువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను పేర్కొన్నది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినవని అందే యున్నది. పండ్రెండు సాధనములలో మూడు మనుష్యులకు సంబంధించినవి: ధర్మమును ధనమును గల రాజు, జలశాస్త్రము నెఱిగిన పండితుడు, పనియందు నేర్పుగల కూలిజనము. ధనము, విద్య, శ్రమ – ఈ మూడును ఒక్క పట్టీలో నుండుట చదువరులు గమనింపవలెను.

గుడిబండకు చేరువనున్న పెనుకొండ కథయు నిట్టిదే. 1388లో హరిహరరాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండి, జలసూత్రమునందు ప్రవీణుడైన సింగాయభట్టును పిలిపించి, పెన్నానదిని పెనుకొండకు తెమ్మని నిండుకొలువులో నాజ్ఞాపించెను. సింగాయభట్టు సిరువెర చెరువునకు కాలువను త్రవ్వించి, దానికి రాజు పేరు పెట్టి, శాసనము వ్రాయించెను. రాజు పేరు, ఇంజనీరు పేరు ఒక్క ఱాతిపై నిలిచినవి. మట్టి మోసినవారి పేళ్లు మాత్రము లేవు. ఆనాటి వ్యవస్థలో మేము కొఱత యని చెప్పదగినది ఇది మొదటిది.

కట్టుట యొక యెత్తు. కట్టిన దానిని కాపాడుట మఱియొక యెత్తు. కాపాడుటకై రాయలసీమలో దశబంధ మను ఏర్పాటుండెను. చెరువును త్రవ్వించినవారికిగాని, బాగుచేయువారికిగాని పన్ను లేని భూమి యిచ్చుట ఖండము దశబంధము; ఆయకట్టు ఆదాయములో భాగమిచ్చుట షామిలాతు దశబంధము. దశబంధ మనగా పదియవ వంతు. చెరువువలన వచ్చిన దానిలో నొక భాగము చెరువునకే తిరిగి పోవలెనని దీని భావము. ఇనాము ననుభవించుచు కట్టను మఱచినవారును లేకపోలేదు. అయినను పద్దు మాత్రము సరియైన పద్దు.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. తరువాత చెరువుల పని క్రమముగా ప్రభుత్వ శాఖల చేతికి పోయెను. గ్రామస్థులు వాడుకగా చేయుచుండిన కుడిమరామత్తు 1858లో మద్రాసు చట్టమువలన నిర్బంధ మయ్యెను. నిర్బంధమువలన ఆచారము నిలువలేదు. 1876–78 సంవత్సరముల మహాక్షామము ఈ సీమను మ్రింగిన పిదప, 1883లో చెరువుల పునరుద్ధరణ ప్రణాళిక యారంభమయ్యెను. ధనము ఖజానాలో, విద్య కచేరీలో, శ్రమ గ్రామములో – మూడును మూడు చోట్ల నుండిపోయెను.

ఇంజనీర్ల విద్యకు సభ యేర్పడినది 1920లో. భారత ఇంజనీర్ల సంస్థ ఆ యేట రిజిష్టరై, కలకత్తా ప్రధాన స్థానముగా పనిచేసి, 1935లో రాజశాసనమును పొందెను. కళాశాలకు పోలేక పనిచేయుచునే చదువుకొనువారికి పరీక్షలు పెట్టుట ఆ సంస్థ చేసిన గొప్ప మేలు. ఇట్టి సభలకు ఆదాయము సభ్యుల చందాలు, రుసుములు, విరాళములు. వ్యయము భవనములు, జీతములు, పత్రికలు, సమావేశములు. ఇందు తప్పేమియు లేదు. కాని యీ పద్దులో చెరువు ఏదీ?

1997లో మన రాష్ట్రము చట్టము చేసి రైతుల నీటి సంఘముల నేర్పఱచెను. రైతులకు అధికారము వచ్చెను. తూము మట్టమును కొలుచు విద్య దానితో రాదు. అది యింజనీర్లయొద్ద నున్నది. కావున మేము చెప్పునది యిది: ప్రతి స్థానిక ఇంజనీర్ల సభయు తన యేటి యాదాయములో పదియవ వంతును దశబంధముగా తీసియుంచవలెను. ఆ ధనముతో ఏటికొక చెరువును ఎన్నుకొని, కట్ట యెత్తును, పూడిక లోతును, తూమును, కలుజును కొలిచి, ఆ కొలతలను తెలుగున వ్రాసి, గ్రామసభలో చదివి వినిపింపవలెను. ఖర్చు పద్దును అక్కడనే చదువవలెను.

పోరుమామిళ్ల శాసనము చెప్పిన దోషములలో రెండు రాజ్యముల సరిహద్దున చెరువుండుట యొకటి. మడకశిర ప్రాంతమునకు ఇంచుమించు మూడు వైపులను కర్ణాటకమే. పెన్న పుట్టినదియు అచ్చటనే. 1892లో మద్రాసు, మైసూరు ప్రభుత్వములు నదుల నీటినిగూర్చి యొడంబడిక చేసికొనవలసి వచ్చినది. ప్రభుత్వములకు సరిహద్దు గలదు. ఉభయ రాష్ట్రములలోను శాఖలు గల ఇంజనీర్ల సంస్థకు అది లేదు. అవతలి యింజనీరును ఇవతలి యింజనీరును ఒకే కట్టపై నిలిచి కొలిచిన మట్టమును ఇరుప్రక్కల రైతులును నమ్ముదురు.

సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారి జన్మదినమున ఇంజనీర్లు పండుగ చేసికొందురు. ఆయన పుట్టిన ముద్దేనహళ్లి, పెన్న పుట్టు నందికొండలకు సమీపమున నున్నది. ఆ దినమున పూలమాలతోపాటు ఒక చెరువు కొలతల పట్టికను గూడ సమర్పించినచో, సింగాయభట్టు వారసులని వారిని మేము సగర్వముగా చెప్పుకొందుము.