అండమాన్ వెళ్తున్నారా? నీళ్లలో ఫోన్ తీసే ముందు ఇవి చూసుకోండి!

మేడ్చల్, శామీర్‌పేట వాళ్లు ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరితే చాలు, అండమాన్‌కు డైరెక్ట్ ఫ్లైట్ ఉంటుంది. ఫ్లైట్ దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మారింది. అక్కడి నుంచి షిప్‌లో స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) వెళ్తే ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ చేయొచ్చు. మాస్క్, గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ కింద పగడాలు, చేపలు చూడటమే స్నార్కెలింగ్. చిక్కంతా ఫొటోల దగ్గరే. కంటికి రంగురంగులుగా కనిపించింది, ఫోన్‌లో నీలంగా మసకగా వస్తుంది.

కారణం కెమెరా కాదు, నీళ్లు. సూర్యకాంతిలో ఎరుపును నీరు ముందుగా పీల్చేసుకుంటుంది. దాదాపు ఐదు మీటర్ల లోతుకే ఎరుపు చాలావరకు పోతుంది. పైనుంచి చేప దాకా ఉన్న నీరే కాదు, చేపకూ ఫోన్‌కూ మధ్య ఉన్న నీరు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే జూమ్ చేస్తే లాభం లేదు. లోతు తక్కువున్న చోట, చేయి చాచేంత దగ్గర నుంచి తీయాలి. ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఎండ నిటారుగా పడుతుంది, రంగులు బాగా వస్తాయి. ఫ్లాష్ మాత్రం వద్దు. నీటిలోని నలుసులు తెల్ల చుక్కల్లా పడతాయి.

ఇక ఫోన్ సంగతి. ఐపీ68 అని ఉంది కదా అని నేరుగా సముద్రంలో ముంచేస్తున్నారు కొందరు. ఆ టెస్ట్ చేసేది మంచినీటిలో, ఉప్పునీటిలో కాదు. పైగా నీళ్లు చేరి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. వాటర్‌ప్రూఫ్ పౌచ్ కొన్నా, ముందు అందులో టిష్యూ పేపర్ పెట్టి అరగంట బకెట్‌లో ముంచి చూడండి. పేపర్ తడిస్తే పౌచ్ మార్చాల్సిందే. నీళ్లలో టచ్ సరిగా పనిచేయదు కాబట్టి వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయడం అలవాటు చేసుకోవాలి.

ఈ ప్రాక్టీస్‌కు శామీర్‌పేట చెరువులోకో, నీళ్లు నిండిన క్వారీ గుంతల్లోకో దిగొద్దు. బురద నీటిలో ఏమీ కనిపించదు, లోతు తెలియదు, ప్రాణాలకే ముప్పు. లైఫ్‌గార్డ్ ఉన్న స్విమ్మింగ్ పూల్ చాలు.

సముద్రంలో ఫొటో కోసం గైడ్‌ను వదిలి వెళ్లడం, లైఫ్ జాకెట్ విప్పడం అసలు చేయకూడదు. పగడాలపై నిలబడినా, ముక్క విరిచినా కేసే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికీ రక్షణ ఇస్తోంది. ఒడ్డుకు రాగానే పౌచ్ తెరవొద్దు. మంచినీటితో కడిగి, తుడిచి, చేతులు ఆరాకే ఫోన్ తీయాలి.