చిట్టి కారుకు తనిఖీ: పైన్‌వుడ్ డెర్బీ నియమాలకు వ్యాఖ్యానం

పైన్‌వుడ్ డెర్బీ అమెరికాలో కబ్ స్కౌట్ (స్కౌట్లలో చిన్నవాళ్ల విభాగం) పిల్లల పందెం. 1953 మే 15న కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్‌లో తొలిసారి జరిగింది. అక్కడి కబ్ మాస్టర్ (స్కౌట్ బృందం, అంటే ప్యాక్, నాయకుడు) డాన్ మర్ఫీ కొడుకుకు సోప్ బాక్స్ డెర్బీలో, అంటే పిల్లలు కూర్చుని నడిపే ఇంజను లేని కార్ల పందెంలో, దిగే వయసు ఇంకా రాలేదు. అందుకని ఆయన అరచేతిలో ఇమిడే కార్లతో పందెం కట్టాడు. కిట్‌లో పైన్ చెక్క దిమ్మ, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, ఇరుసులుగా నాలుగు మేకులు ఉంటాయి. ఇంజను ఉండదు; వాలు మీంచి దొర్లి రావడమే. సరుకు అందరికీ ఒకటే కాబట్టి తేడా ఓపికలో, పనితనంలో కనబడాలి. డబ్బు, పెద్దల నైపుణ్యం దొడ్డిదారిన రాకుండా చూడటం పందెం ముందు జరిగే తనిఖీ పని. ప్యాక్‌ను బట్టి నియమాలు కొంచెం మారతాయి. ఎక్కువ చోట్ల వాడుకలో ఉన్నవి ఇవి.

బరువు. 5 ఔన్సులు దాటకూడదు. అంటే సుమారు 142 గ్రాములు. కారు బరువుగా ఉంటే గాలి దాన్ని అంతగా ఆపలేదు. ఆ బరువు వెనక వైపు ఉంటే బయలుదేరే చోట వాలు మీద ఇంకాస్త ఎత్తున ఉంటుంది, ఆ ఎత్తే వేగమవుతుంది. అందుకే అందరూ హద్దు అంచు దాకా బరువు నింపుకొని వస్తారు, గొడవలూ ఇక్కడే వస్తాయి. ఇంట్లో 5.0 చూపిన కారు తనిఖీ బల్ల మీద 5.1 చూపుతుంది. ఆ రోజుకు బల్ల మీది కాటాయే ప్రమాణం. మొదటి కారు నుంచి చివరి కారు దాకా అదొక్కటే వాడాలి. 0.1 ఔన్సు అంటే మూడు గ్రాముల లోపే. అయినా పైన్ చెక్క తేలిక కాబట్టి అడుగున డ్రిల్లుతో ఒక చిన్న రంధ్రం వేస్తే అంత తగ్గదు, మూడు నాలుగు కావాలి. అదే పైన అంటించిన పెన్నీ నాణెం ఒకటి ఊడదీస్తే రెండున్నర గ్రాములు పోతాయి. ఇది తెలిసినవాళ్లు తీసేయడానికి వీలైన బరువు కొంత చివరికి ఉంచుకుంటారు.

పొడవు, వెడల్పు. పొడవు 7 అంగుళాలు, చక్రాలతో కలిపి వెడల్పు 2¾ అంగుళాలు. పొడవు పెరిగితే వెనక బరువు బయలుదేరే చోట ఇంకా ఎత్తున నిలుస్తుంది. వెడల్పు పెరిగితే పక్క కారును రాసుకుంటుంది. ముందుకు పొడుచుకొచ్చిన బొమ్మ, వెనక రెక్క కూడా లెక్కలోకే వస్తాయి. ఈ కొలతలకు చేసిన పెట్టె ఒకటి దగ్గరుంటే మంచిది. కారు అందులో పడితే సరే, పట్టకపోతే వాదనకు తావే లేదు.

అడుగు ఎడం. ట్రాక్ మధ్యలో సన్నని చెక్క పట్టీ ఉంటుంది, కారు దానికి అటూ ఇటూ చక్రాలు వేసుకుని పోతుంది. అందుకే చక్రాల మధ్య 1¾ అంగుళాలు, అడుగు కింద ⅜ అంగుళం ఖాళీ ఉండాలి. ఇందులో తప్పేవాళ్లు చాలావరకు అడుగున బరువు బిళ్లలు అంటించినవాళ్లే.

చక్రాలు. కిట్‌లోవే వాడాలి. అచ్చు అతుకు దగ్గరి గరుకును నున్నగా చేసుకోవచ్చు. అంచు పలచన చేయకూడదు, లోపల తొలవకూడదు. తేలికైన చక్రాన్ని తిప్పడానికి తక్కువ శక్తి చాలు, మిగిలినది కారును ముందుకు తోస్తుంది. చక్రాన్ని పలచన చేశారా అన్నది ఒట్టి కంటితో చూస్తే తెలియదు. కొత్త చక్రం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒక ముందు చక్రాన్ని నేలకు తగలకుండా లేపేవాళ్లూ ఉన్నారు. అది చెల్లుతుందో లేదో ప్యాక్ ముందే చెప్పాలి. బల్ల దగ్గర కొత్త నియమం పుట్టకూడదు.

ఇరుసులు. మేకు తల కింద ఉండే గరుకును ఆకురాయితో తీసి మెరుగు పెట్టడం పిల్లలకు నేర్పాల్సిన పనే. వాషర్లు, బుష్‌లు, బేరింగులు, స్ప్రింగులు మాత్రం నిషిద్ధం. అవి కొంటే దొరుకుతాయి, మెరుగు చేత్తో పెట్టాల్సిందే.

కందెన. గ్రాఫైట్ పొడి ఒక్కటే. నూనె ట్రాక్ మీద పడి తర్వాత వచ్చే కార్లనూ చెడగొడుతుంది. తెల్ల కాగితం మీద దొర్లిస్తే పొడి బూడిద రంగులో రాలుతుంది, నూనె మరక చేస్తుంది.

పనితనం. కొలబద్దకు అందనిది ఇదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ల అబ్బాయి కారు తెచ్చాడనుకోండి. “బరువు ఎక్కడ పెట్టావు నాన్నా?” అని అడిగితే పిల్లాడి కంటే ముందు తండ్రే జవాబు చెబుతాడు. ఆ కారును తిప్పి పంపే నియమమేదీ లేదు. తనిఖీ చేసేవారు మళ్లీ పిల్లాడినే అడగడం మేలు. పిల్లాడు చెప్పేది వినాలి, సవరణ ఏదైనా ఉంటే వాడి చేతే చేయించాలి.

అప్పగింత. తనిఖీలో నెగ్గిన కారు పందెం అయ్యేదాకా నిర్వాహకుల దగ్గరే ఉంటుంది. ఆపైన చిటికెడు గ్రాఫైట్ కూడా వేయనివ్వరు. నెగ్గని కారుకు తప్పేమిటో చెప్పి, సరిదిద్దుకోవడానికి డ్రిల్లు, గరుకు కాగితం, జిగురు, కాస్త సమయం ఇవ్వాలి. పందెం ముందు రోజే తనిఖీ పెట్టుకుంటే ఆ సమయం దొరుకుతుంది. తనిఖీ చేసేవారి బిడ్డ కారు కూడా వరసలో ఉంటే, దాన్ని మరొకరి చేతికి ఇవ్వడం మర్యాద.