పళ్ళు చెప్పే నిజం, పంటిగాటు చెప్పే కథ

సినిమాల్లో చూస్తూనే ఉంటాం. శవం మీద పంటిగాటు కనబడుతుంది, డాక్టరుగారు అనుమానితుడి పళ్ళ అచ్చు తెప్పించి పక్కన పెట్టి చూస్తాడు, రెండూ ఒకటే అంటాడు, కేసు ఖతం! అసలు సంగతి అంత తేలిక కాదు. దంతవైద్యం నేరపరిశోధనకి పనికిరాదని నేననడం లేదు. బ్రహ్మాండంగా పనికొస్తుంది. కాకపోతే ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలున్నాయి. "చనిపోయింది ఎవరు?" అన్నది ఒకటి. "కొరికింది ఎవరు?" అన్నది రెండోది. మొదటిదానికి పళ్ళు చెప్పే జవాబుని నమ్మొచ్చు. రెండోదాన్ని నమ్మి కోర్టులు ఏ పాపం ఎరగనివాళ్ళకి మరణశిక్షలు వేశాయి.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. 1849 నవంబరులో బోస్టన్‌లో జార్జ్ పార్క్‌మన్ అనే ధనవంతుడు మాయమయ్యాడు. ఆయనకి బాకీ పడ్డవాళ్ళలో జాన్ వెబ్‌స్టర్ ఒకడు, హార్వర్డ్ వైద్యకళాశాలలో రసాయనశాస్త్రం ప్రొఫెసరు. వెబ్‌స్టర్ ప్రయోగశాలలో శరీరభాగాలు దొరికాయి గానీ తల దొరకలేదు. కొలిమి బూడిదలో మాత్రం కట్టుడుపళ్ళ ముక్కలు మిగిలాయి. అది పార్క్‌మన్ శరీరమే కాదని డిఫెన్సు లాయర్ల వాదన. నేథన్ కీప్ అనే దంతవైద్యుడు వచ్చి, ఆ పళ్ళు 1846లో తాను చేసిచ్చినవేనని, అప్పటి అచ్చు కూడా చూపించి సాక్ష్యం చెప్పాడు. వెబ్‌స్టర్‌కి ఉరిశిక్ష పడింది. 1850 ఆగస్టులో ఉరి తీసేలోపు తనే నేరం ఒప్పుకున్నాడు కూడా.

1897 మే 4న పారిస్‌లో ఒక దానధర్మాల సంతలో సినిమా ప్రొజెక్టరు దీపం దగ్గర మంటలంటుకుని నూటపాతిక మందికి పైగా పోయారు. ఆస్ట్రియా మహారాణి చెల్లెలు, అలెన్సోన్ డచెస్, అందులో ఒకరు. ఆనవాలు పట్టలేనంతగా కాలిపోయిన ఆవిడ శరీరాన్ని గుర్తుపట్టింది ఆవిడ పళ్ళ డాక్టరే. ఆ అనుభవాలన్నీ పోగుచేసి ఆస్కార్ అమోయెడో అనే క్యూబా దంతవైద్యుడు 1898లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఈ శాస్త్రానికి ఆయన్నే పితామహుడంటారు. 1945లో హిట్లర్ శవాన్ని సోవియట్లు తేల్చుకున్నది కూడా పళ్ళతోనే.

ఇది ఎందుకు పనిచేస్తుందో చూడండి. పంటి మీది ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, మంటకీ నీటికీ ఓ పట్టాన లొంగదు. పైగా పోల్చేది పంటినీ, అదే పంటి పాత రికార్డునీ. ఏ పన్ను పీకారు, ఎక్కడ సిమెంటు పెట్టారు, ఎక్స్‌రేలో వేరు ఎలా వంకర తిరిగింది... అన్నీ సరిచూసుకోవచ్చు. మా భాషలో చెప్పాలంటే, ఒకే ఫైలుకి రెండు కాపీలు పోల్చడం లాంటిది.

పంటిగాటు అలా కాదు. చర్మం మైనం ముద్ద కాదు కదా! సాగుతుంది, వాస్తుంది, కములుతుంది, చనిపోయాక ఇంకా మారుతుంది. పైగా నోట్లో ముప్ఫై రెండు పళ్ళున్నా గాటులో పడేవి ముందువి ఏ నాలుగో ఆరో. వాటి వరస ప్రపంచంలో ఒక్కడికే ఉంటుందని ఎవరూ నిరూపించలేదు.

అయినా ఈ సాక్ష్యం చాలా పాతది. 1692లో సేలం మంత్రగత్తెల విచారణల్లో జార్జ్ బరోస్ అనే మతబోధకుడు తమని కొరికాడని అమ్మాయిలు చెబితే, గాట్లని అతని పళ్ళతో పోల్చి చూశారు. ఆ ఆగస్టులో ఉరితీశారు. 1711లో ఆ శిక్ష రద్దు చేశారు, మనిషి పోయాక! 1975లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఒక హత్యకేసులో, దీనికి స్థిరపడిన శాస్త్రమేదీ లేదని ఒప్పుకుంటూనే పంటిగాటు సాక్ష్యాన్ని అనుమతించింది. 1979లో టెడ్ బండీ కేసుతో దేశమంతా దీనికి పేరొచ్చింది. ఇక అడ్డేముంది?

అడ్డు లేకపోతే ఏమవుతుందో మిసిసిపీలో తేలింది. 1990లో నాక్సుబీ కౌంటీలో మూడేళ్ళ పాపని ఎత్తుకెళ్ళి చంపారు. ఒళ్ళు మీద పంటిగాట్లు లీవన్ బ్రూక్స్‌వని ఒక దంతవైద్యుడు చెప్పాడు, యావజ్జీవం పడింది. 1992లో అదే కౌంటీలో ఇంకో మూడేళ్ళ పాప, అదే పద్ధతిలో. అదే దంతవైద్యుడు వచ్చి ఈసారి 19 గాట్లు కెనెడీ బ్రూవర్‌వన్నాడు. అవి పురుగులు కుట్టిన గుర్తులని డిఫెన్సు నిపుణుడు రిచర్డ్ సూవిరాన్ మొత్తుకున్నాడు (బండీ కేసులో పంటిగాటు సాక్ష్యం చెప్పింది ఈయనే!). జ్యూరీ వినలేదు. 1995లో బ్రూవర్‌కి మరణశిక్ష వేశారు. చివరికి డీఎన్ఏ ఇంకొకడిని పట్టిచ్చింది. 2008లో వాడు రెండు హత్యలూ ఒప్పుకున్నాడు.

ఇద్దరు అమాయకుల జైలు జీవితం ఒకెత్తు. మొదటి కేసులో ఆ "శాస్త్రీయ" జవాబు లేకపోతే పోలీసులు వెతుకుతూనే ఉండేవాళ్ళు కదా? రెండో పాప బతికుండేదేమో!

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023 నివేదికలో పంటిగాట్ల పోలికకి తగిన శాస్త్రీయ పునాది లేదని తేల్చేసింది. మనకీ ఇది దూరపు గొడవ కాదు. 2012 ఢిల్లీ నిర్భయ కేసులో పంటిగాట్ల ఫోటోలని ధార్వాడ్‌లో విశ్లేషించారు, 2017లో సుప్రీంకోర్టు తీర్పులో ఆ ప్రస్తావన ఉంది. అక్కడ డీఎన్ఏ ఉంది, బాధితురాలి మరణ వాంగ్మూలం ఉంది. ఇవేవీ లేని చిన్న ఊరి కేసులో ఒక్క గాటే సాక్ష్యమైతే?

నా మటుకు నాకు అర్థమైంది ఇది. గాటు కనబడగానే కొలవడం కన్నా ముందు తడి దూదితో తుడిచి లాలాజలం భద్రం చెయ్యాలి, అందులో డీఎన్ఏ దొరకొచ్చు. పసివాడి ఒంటి మీద గాటుంటే, ఈ ఇంట్లో ఏదో జరుగుతోందని డాక్టరు పోలీసులకి చెప్పి తీరాలి. ఎవరు చేశారో మాత్రం ఆ గాటుని అడక్కూడదు. దానికి తెలీదు.