లండను వలయమార్గములు



రెండవ ప్రపంచసంగ్రామము ముగియకమునుపే, 1943లో, బాంబులకు దెబ్బతిన్న లండను నగరమును పునర్నిర్మించుటకై ఆబర్‌క్రోంబీ, ఫోర్షా అను నిరువురొక ప్రణాళికను రచించిరి. నగరము చుట్టును ఒకదాని వెలుపల నొకటిగా వలయాకారపు మార్గములు నిర్మింపవలెననియు, వాహనములు వానిపై బోవుచుండ లోపలి పేటలు ప్రశాంతముగా నుండుననియు వారి యాశయము. ఆశయము మంచిదే. పెక్కేండ్లు పిల్లలచే నల్లబల్లపై వృత్తములు గీయించినవాడను. అందలి సౌలభ్యమును నేనెరుగుదును. బల్లపై గీతకు ఒకరి యిల్లడ్డము రాదు.

ధనాభావముచే ఆ యూహ చిరకాలము కాగితములందే నిద్రించెను. మోటారు బండ్లు మిక్కుటము కాగా, 1965లో ఏర్పడిన మహాలండను పరిపాలకమండలి దానిని మేల్కొలిపి, ఆ మార్గములకు ‘రింగ్‌వే’లని పేరిడెను. అన్నిటికంటె లోపలి వలయము హాక్నీ, బ్రిక్స్‌టన్, బాటర్‌సీ మొదలగు పేటల మీదుగా బోవలసియుండెను. అవి బాంబులు చదును చేసిన బయళ్లు కావు. జనులు కాపురముండిన వీథులు. వేలకొలది యిండ్లు పోవలసియుండెను. ‘దారులకంటె ముందు ఇండ్లు’ అను నినాదమే పేరుగా గల యొక పక్షము 1970 నాటి ఎన్నికలలో నిలిచెను. దానికి ఒక్క స్థానమైనను దక్కలేదు.

వాదములు చేయలేని పనిని ఒక కట్టడము చేసెను. 1970 జూలై 28వ తేదీన వెస్ట్‌వే తెరువబడెను. అది వలయమునకు జేర్పవలసిన మార్గము. సుమారు రెండున్నర మైళ్లు, చాలవరకు స్తంభములపైననే, ఇండ్ల నడుమ సాగిపోవును. ఆక్లం రోడ్డువాసుల మేడగదుల కిటికీల చెంతనే బండ్లు పరుగిడజొచ్చెను. తమకు వేరుచోట ఇండ్లీయుడని వ్రాసిన గుడ్డను వారు ప్రారంభోత్సవము నాడే గోడకు గట్టిరి. ఇచ్చట నొక ధర్మసూక్ష్మము గలదు. ఇల్లు కూల్చబడినవారికి పరిహారమో, వేరొక గృహమో లభించెను. ఇల్లు నిలిచి నిద్ర పోగొట్టుకొన్నవారికి ఇంచుమించుగా ఏమియు లేదు. 1973లో వచ్చిన భూమి నష్టపరిహారపు చట్టము, ధ్వనిధూమములచే ఇంటి విలువ తగ్గినచో దానికిని పరిహారము నీయవలెనని శాసించెను. ఆ యేడే ఏప్రిలులో మండలి ఎన్నికలందు గెలిచిన లేబరు పక్షము రింగ్‌వేలను విరమించెను.

బ్రిక్స్‌టనులో మాత్రమొక విచిత్రము మిగిలినది. రానున్న మార్గపు ఘోష వెనుక యిండ్లకు సోకకుండుటకై, కోటగోడవలె పొడవైన నివాసభవన మొకటి అచట సంకల్పింపబడియుండెను. మార్గము ఆగినను భవనము ఆగలేదు; 1981లో పూర్తియైనది. సౌథ్‌విక్ హౌస్ అని దాని పేరు. మార్గము వచ్చునని తలచిన వైపున దాని కిటికీలు మిక్కిలి చిన్నవి. ఆ వైపున నున్నది నేటికిని కోల్డ్‌హార్బర్ లేన్ అను మామూలు వీథియే.