నిలిపి ఉంచిన మోటారుసైకిల్: కార్బొరేటర్ లోపాల గుర్తింపు

నెలల తరబడి నడపని మోటారుసైకిల్ మళ్ళీ స్టార్ట్ కాకపోవడానికి, అయినా నిలకడగా నడవకపోవడానికి చాలాసార్లు కారణం కార్బొరేటర్‌లో ఎండిన పెట్రోలు వదిలిన జిగురు. పెట్రోలును గాలిలో తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించడం కార్బొరేటర్ పని. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త బళ్ళలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంతకుముందు కొన్న స్ప్లెండర్లు, ప్యాషన్లు, పల్సర్లు, టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లు, పాత బుల్లెట్లలో అత్యధికం కార్బొరేటర్ బళ్ళే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ అవి ఇప్పటికీ పొలానికీ మార్కెట్‌కీ తిరుగుతున్నాయి. ఇక్కడి షెడ్డుల్లో ఈ లోపానికి సాధారణంగా వినిపించే మాట ‘కచరా వచ్చింది’.

బండి నిలిచిపోయే తీరు

సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి 65 మీద ఉన్నాయి. చదువుకో ఉద్యోగానికో పిల్లలు హైదరాబాద్ వెళ్ళిపోతారు, బండి ఊళ్ళో వసారా కింద ఉండిపోతుంది. సంక్రాంతికో, దసరాకో, రెండేళ్ళకోసారి వచ్చే దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకో దాన్ని బయటికి తీస్తారు. సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ళలో నాట్లప్పుడూ కోతలప్పుడూ ఊపిరాడకుండా తిరిగిన బండి మధ్య నెలల్లో కదలకపోవచ్చు. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో అన్ని ఊళ్ళలోనూ ఒకేసారి బళ్ళు ఆగిపోయాయి.

ఈ ప్రాంతపు వాతావరణం పెట్రోలుకు అనుకూలం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కింద నిలిపిన బండిలో పెట్రోలు ఇంకా త్వరగా ఆవిరవుతుంది. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల దగ్గరుండే బళ్ళకు ఊక ధూళి తోడవుతుంది, ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుంటుంది. కుమ్మరి పురుగు సన్నని గొట్టం ఎక్కడ దొరికినా మట్టి పూసి గూడు కడుతుంది. ట్యాంకు మూతకు గాలి ఆడే రంధ్రం, కార్బొరేటర్ ఓవర్‌ఫ్లో పైపు, సైలెన్సర్ మూతి దానికి నచ్చే చోట్లు. ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు గూడు పెట్టడమూ ఉంది. కార్బొరేటర్ విప్పే ముందు ఇవన్నీ చూడడం తప్పనిసరి, ఎందుకంటే మూసుకుపోయిన గాలి దారి, మూసుకుపోయిన జెట్టు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) రెండూ దాదాపు ఒకే రకంగా బాధపెడతాయి.

లోపల జరిగేది

కార్బొరేటర్ అడుగున ఫ్లోటు గిన్నె ఉంటుంది. అందులో నిలిచే పెట్రోలు కొద్దిపాటిదే. గిన్నెకు బయటి గాలితో సంబంధం ఉంటుంది కాబట్టి పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు ముందు పోతాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అంటుకునేది ఆ భాగాల వల్లే. మిగిలింది చిక్కబడి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగు వార్నిష్‌లా గోడలకు అంటుకుంటుంది. అది ముందుగా మూసేది ఐడిల్‌లో పెట్రోలు అందించే స్లో జెట్‌ను. 100 సీసీ బళ్ళలో ఆ జెట్టు రంధ్రం వెడల్పు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఎక్సిలేటర్ ఎక్కువ తిప్పినప్పుడు పెట్రోలు అందించే మెయిన్ జెట్ రంధ్రం అంతకంటే పెద్దది కాబట్టి కొంతకాలం తట్టుకుంటుంది. నిలిచిన బళ్ళ రోగ లక్షణాలు చాలావరకు ఈ తేడా నుంచే పుడతాయి.

ఇథనాల్ రెండో కారణం. పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే పథకం 2003లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది, వాటిలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశవ్యాప్తంగా 10 శాతం లక్ష్యం 2022లో అందింది. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు ట్యాపులో రిజర్వ్ గొట్టం అడుగు నుంచి తోడుకుంటుంది, మామూలు గొట్టం కొంచెం పైనుంచి. కాబట్టి రిజర్వ్‌కు తిప్పగానే ఆగిపోయే బండిలో కార్బొరేటర్ కంటే ముందు ట్యాంకును అనుమానించాలి. అడుగున చేరిన నీరు ఉక్కు ట్యాంకును తుప్పు పట్టిస్తుంది, కార్బొరేటర్ లోహం మీద తెల్లని పొడిని పుట్టిస్తుంది. పాత రబ్బరు వాషర్లు, పైపులు ఇథనాల్‌కు ఉబ్బవచ్చు లేదా పగలవచ్చు. ఇంకో సంగతి: ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి తక్కువ పాళ్ళలో కావాలి. పాత జెట్ల కొలత మారదు కాబట్టి శుభ్రంగా ఉన్న పాత బండి కూడా ఈ పెట్రోలుతో గాలి ఎక్కువైనట్టే నడుస్తుంది. అసలే సగం మూసుకున్న స్లో జెట్‌కు ఇది అదనపు కష్టం.

పెట్రోలు ఎక్కడ ఆగింది?

మొదటి పరీక్ష ప్లగ్. కొన్ని కిక్‌లు కొట్టాక దాన్ని విప్పితే పొడిగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదు. తడిగా ఉంటే వస్తోంది కానీ అంటుకోవడం లేదు, లేదా మితిమీరి వస్తోంది. అప్పుడు స్పార్క్ చూడాలి. ప్లగ్ రంధ్రానికి, చిందిన పెట్రోలుకు దూరంగా, గాలి ఆడే చోట మాత్రమే ఆ పరీక్ష చేయాలి. స్పార్క్ లేని బండికి కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

ప్లగ్ పొడిగా ఉంటే కార్బొరేటర్‌కు వచ్చే పైపు ఊడదీసి ట్యాపు తెరిచి సీసాలో పట్టాలి. ధార సన్నగా ఉన్నా, కాసేపటికి ఆగిపోయినా ట్యాంకు మూత తెరిచి మళ్ళీ చూడాలి. మూత తీయగానే ధార పుంజుకుంటే గాలి రంధ్రం మూసుకుంది. లేకపోతే ట్యాపులోని జాలీలో తుప్పు ఉంది. ధార బాగుంటే గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి తెల్లటి గాజుసీసాలో కొద్దిగా పట్టడం మంచిది. రంగు ముదిరి ఘాటైన పుల్లని వాసన వస్తే పాత పెట్రోలు. అడుగున నీటి బొట్లు కనిపిస్తే జవాబు దొరికినట్టే. ఏమీ రాకపోతే గిన్నెలోకి పెట్రోలు దిగకుండా నీడిల్ వాల్వు అతుక్కుని ఉంది.

లక్షణాలు చెప్పేది

చోక్ వేస్తేనే నడిచి, ఇంజను వేడెక్కాక కూడా చోక్ తీయగానే ఆగిపోవడం స్లో జెట్ మూసుకుందనడానికి బలమైన గుర్తు. ఎక్సిలేటర్ కొద్దిగా పట్టి ఉంచితే నడిచి, వదలగానే ఆగితే అదే కారణం. నిలిచిన బళ్ళలో అన్నిటికంటే మామూలైన లోపం ఇదే. స్లో స్పీడు స్క్రూ బిగించి శబ్దం పెంచేయడం దీనికి వైద్యం కాదు. బండి ఆగకుండా ఉంటుంది, కచరా అలాగే ఉంటుంది.

నెమ్మదిగా బాగానే నడిచి, సగం ఎక్సిలేటర్ దాటాక తడబడితే మెయిన్ జెట్, పెట్రోలు ధార, ట్యాంకు మూత గాలి రంధ్రం చూడాలి. యూనికార్న్ వంటి బళ్ళలో, ఇంజనుకు వెళ్ళే గాలిని నియంత్రించే స్లయిడును పైకి లేపేది పలుచని రబ్బరు డయాఫ్రం. అది ఎండి చిరిగితే ఇంజను ఐడిల్‌లో ఆడుతుంది గానీ పికప్ రాదు.

ఎక్సిలేటర్ వదిలినా శబ్దం వెంటనే దిగకపోతే ముందు వైరు, స్లయిడు ఇరుక్కున్నాయేమో చూడాలి. అవి సరిగ్గా ఉంటే కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య రబ్బరు అతుకు పగిలి గాలి దూరుతుండవచ్చు. ఆ అతుకు మీద కాస్త నీళ్ళు చిమ్మినప్పుడు శబ్దం మారితే అక్కడే లీకు.

ఓవర్‌ఫ్లో పైపు నుంచి పెట్రోలు కారితే నీడిల్ వాల్వు మూసుకోవడం లేదు. ట్యాపు మూసి, స్క్రూడ్రైవర్ పిడితో గిన్నెను మెల్లగా తడితే ఒక్కోసారి అతుక్కున్న వాల్వు విడుతుంది. కారడం ఆగినా ఇంజను ఆయిల్ చూడకుండా స్టార్ట్ చేయకూడదు. రాత్రంతా కారిన పెట్రోలు ఇంజనులోకి దిగి ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తే ఆయిల్ మార్చాల్సిందే.

శుభ్రపరచడంలో జరిగే తప్పులు

జెట్టును తీగతో పొడవడం పెద్ద పొరపాటు. ఇత్తడి మెత్తన, రంధ్రం కొద్దిగా పెరిగినా పాళ్ళు శాశ్వతంగా మారతాయి. కార్బొరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపు కంప్రెసర్ గాలితో ఊదడం సరైన పద్ధతి. రబ్బరు భాగాలను, డయాఫ్రంను ముందే తీసి పక్కన పెట్టాలి. స్లో జెట్‌కు దారితీసే లోపలి సన్నని దారులన్నిటి నుంచీ గాలి స్వేచ్ఛగా బయటికొస్తేనే పని పూర్తయినట్టు.

మిక్చర్ స్క్రూను విప్పే ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోవాలి, తిరిగి పెట్టేటప్పుడు ఆ లెక్కే ఆధారం. ఈ స్క్రూ రెండు రకాలు. స్లయిడుకు ఎయిర్ ఫిల్టర్ వైపున ఉంటే గాలిని నియంత్రిస్తుంది, వదులు చేసేకొద్దీ పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజను వైపున ఉంటే వదులు చేసేకొద్దీ పెరుగుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పితే బాగుపడిన బండి మళ్ళీ పాడైనట్టే ప్రవర్తిస్తుంది. కడిగితే పోయే జబ్బుకు కొలత తెలియని నకిలీ కార్బొరేటర్ కొని బిగించడం డబ్బు దండగే కాదు, దాని జెట్లు ఆ ఇంజనుకు సరిపోతాయన్న హామీ కూడా లేదు.

నిలిపే ముందు

కొన్ని వారాలు దాటి నిలిపేటట్టయితే ట్యాపు మూసి ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి, గిన్నె అడుగు స్క్రూతో మిగిలినది వంపేయాలి. కొన్ని నెలలకైతే ట్యాంకును నింపి ఉంచడం వల్ల లోపల తేమ గాలికి చోటు తగ్గుతుంది. ఏడాదికి పైగా అయితే ట్యాంకును ఖాళీ చేసి ఆరబెట్టి, లోపల పలుచగా నూనె పట్టించడం మేలు. సైలెన్సర్ మూతికి, ఫిల్టర్ గాలి దారికి గుడ్డ కడితే కుమ్మరి పురుగు దూరదు. కట్టిన గుడ్డల సంగతి చీటీ మీద రాసి హ్యాండిల్‌కు వేలాడదీస్తే, తర్వాత బండి తీసేవారు వాటిని విప్పాకే కిక్ కొడతారు.