టీ-బెల్ట్ లైటు వెలిగిన కాలం

మెర్సిడెస్-బెంజ్ 260డీ అనే కారును 1936లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో జనానికి చూపించారు. కార్ఖానాలో వరసపెట్టి తయారైన తొలి డీజిలు కార్లలో బాగా పేరు మోసింది అదే. 2026కి దానికి 90 ఏళ్లు. 1976లో ఫోక్స్‌వ్యాగన్ తన గోల్ఫ్ కారులో చిన్న డీజిలు ఇంజిన్ పెట్టి, వాల్వులను, డీజిలు పంపును పళ్లున్న రబ్బరు బెల్టుతో తిప్పింది. దానికి 50. రెండూ జర్మనీ సంగతులే. అయినా విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా కొరాపుట్ ఘాటెక్కే మన రోడ్డు బతికిందే డీజిలు మీద. ఇనప గేర్ల మీద చేయి తిరిగిన డ్రైవర్లు, మేస్త్రులు ఈ రోడ్డు మీద రబ్బరు బెల్టుకు ఎలా అలవాటుపడ్డారో, మధ్యలో మీటరు బోర్డు మీది ఒక చిన్న లైటు వాళ్లకు ఏం నేర్పిందో రాసిపెట్టుకోవలసిన చరిత్రే.

ఈ దారి పాత సంగతులు మనకు దక్కింది తక్కువ. తీరం ఉప్పు బంజారాల ఎడ్ల మీద జయపురం కొండలకు ఎక్కేది, కొండ సరుకు అదే దారిన దిగేది. ఎడ్లు తోలినవాళ్లు ఏదీ రాసిపెట్టలేదు. 1908-09లో విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా పార్వతీపురానికి రైలు వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ లైను వేశారు. అదే 1913 సెప్టెంబర్ 29 రాత్రి, తన పేరుతో ఇంజిన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు వెళ్తున్న ఓడలోంచి మాయమయ్యాడు. తర్వాత శవమై సముద్రంలో దొరికాడు. ఆ ఇంజిన్ మన రోడ్డు మీదికి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు కరువై ఆంధ్రదేశంలో బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచాయి. 1958 జనవరి 11న ఆర్టీసీ ఏర్పడింది.

అసలు కథ లారీలతో మొదలవుతుంది. విజయవాడ తర్వాత లారీలకు అంతటి ఊరు సాలూరేనని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఘాటు కింద ఉన్న ఊరు కాబట్టి ఎక్కే బండీ దిగే బండీ అక్కడ ఆగక తప్పదు. బాడీలు కట్టే షెడ్లు, లేత్ పనివాళ్లు, కమాన్ పట్టీలు కొట్టేవాళ్లు, పంపులు, నాజిళ్లు సరిచేసేవాళ్లు ఆ ఊరి చుట్టూ చేరారు. టాటా-మెర్సిడెస్ లారీలు 1954లో జంషెడ్‌పూర్‌లో మొదలయ్యాయి. ఆ టాటాలను, లేలాండ్లను విప్పి బిగించి పని నేర్చుకున్న తరం ఒకటి సాలూరు నుంచి గజపతినగరం దాకా రోడ్డు పక్కన షెడ్లు వేసుకుంది.

ఆ లారీ ఇంజిన్లలో టైమింగ్ ఎక్కువగా గేర్లదే. క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పితే పిస్టన్ పైకి వచ్చే వేళకు వాల్వు కిందకు దిగి ఉంటుంది, కాడికి కట్టిన జోడెడ్లలో ఒకటి అడుగు తప్పితే రెండూ పడినట్టు. గేరుతో ఆ భయం లేదు. పన్ను అరిగితే రొద పెడుతుంది. డ్రైవరు ఘాటు సగంలోనే పసిగట్టేస్తాడు. మీటరు బోర్డు మీద లైట్లున్నా, లేకపోయినా, ఉండి మాడిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. చెవే మీటరు. పాతికేళ్లు లారీలు చేసిన ఒక మేస్త్రి కార్ల గురించి నాతో అన్న మాట ఇది: "గేరు అరుస్తాది బావూ. బెల్టు అరవదు."

బెల్టు ఎందుకొచ్చిందంటే చవక, తేలిక, చప్పుడు లేదు, నూనె అక్కర్లేదు. 1960ల మొదట్లో గ్లాస్ అనే జర్మన్ కంపెనీ 1004 మోడల్ కారులో పెట్టింది. 1966లో ఫియట్ 124 స్పోర్ట్‌లో పెట్టాక మిగతా కంపెనీలూ అందుకున్నాయి. లోపల గాజు పోగులు, పైన సింథటిక్ రబ్బరు. కొత్తగా ఉన్నప్పుడు చేత్తో ఎంత లాగినా సాగదు. కానీ గేరులా ఇంజిన్‌తో పాటు బతికే వస్తువు కాదు. దానికి ఆయుష్షు ఉంటుంది. బండినిబట్టి 60 వేల కిలోమీటర్లు, లక్ష, లక్షన్నర, లేదా ఇన్నేళ్లు అని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. రెంటిలో ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి.

మన దగ్గర ఆ లెక్కను ఊరూరా తెచ్చిన బండి టాటా ఇండికా. 1998 డిసెంబర్ 30న విడుదలైంది. 1405 సీసీ డీజిలు ఇంజిన్, టైమింగ్‌కు బెల్టు. అప్పటిదాకా కిరాయి కారంటే అంబాసిడర్ డీజిలే. పొద్దున్నే హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి సెల్ఫ్ కొట్టడం వరకే డ్రైవర్లకు లైటుతో పని. చుట్టలు చుట్టిన తీగలా ఉండే ఆ పసుప్పచ్చ గుర్తు ఆరితే బండి స్టార్టవుతుందన్నమాట. ఎర్రటి నూనె డబ్బా గుర్తును మాత్రం చాలామంది అపార్థం చేసుకునేవారు, ఇప్పటికీ చేసుకుంటారు. ఇంజిన్‌లో నూనె ఎంత ఉందో అది చెప్పదు. నూనె ఒత్తిడి పడిపోయిందని చెబుతుంది. అది వెలిగాక ఊరు చేరేదాకా నడుపుదామనుకుంటే బేరింగులు పోతాయి.

బెల్టు తెగడం నేను ఒకసారి దగ్గరగా చూశాను. మానాపురం సంత రోజు, రామభద్రపురం వైపు కిరాయి కారులో వెళ్తున్నాం. పశువుల వ్యాన్లు దాటాక డ్రైవరు వేగం అందుకున్నాడు. టక్కున ఒక చప్పుడు, అంతే. ఇంజిన్ ఆగిపోయింది. మీటరు బోర్డు మీద బ్యాటరీ లైటు, ఆయిల్ లైటు ఒక్కసారిగా వెలిగాయి. డ్రైవరు వాటిని చూసి నూనె గేజీ పుల్ల తీశాడు. నూనె సరిగ్గానే ఉంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఎన్నడూ లేనంత తేలిగ్గా గిర్రున తిరిగింది. లోపల కంప్రెషన్ లేదు కాబట్టి దానికి బరువు లేదు. ఆ రెండు లైట్లూ ఇంజిన్ ఆగినందుకు వెలిగినవి. ఎందుకు ఆగిందో వాటికి తెలియదు. హెడ్డు దించాక చూస్తే వాల్వులు వంగి ఉన్నాయి. డీజిలు ఇంజిన్‌లో గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు కుదించాలి కాబట్టి పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు చాలా తక్కువ. బెల్టు తెగితే అవి గుద్దుకోకుండా తప్పించుకోవడం అరుదు. కొన్ని వేలతో పోయే పని చాలా వేలకు పెరిగింది. అందులో డ్రైవరు తప్పు నాకేమీ కనబడలేదు. ఆ బండి అతనికి ఏ సూచనా ఇవ్వలేదు.

అందుకే ఇన్నోవాలో టీ-బెల్ట్ లైటు అంటే నాకు అంత ఇష్టం. టయోటా 2000లో క్వాలిస్‌ను తెచ్చింది. 2005లో దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. 2494 సీసీ డీజిలు, క్యామ్‌కు బెల్టు. పెళ్లివారికీ, అయ్యప్ప స్వాములకూ, విశాఖ ఆసుపత్రికి పోయే రోగులకూ గజపతినగరం సెంటర్లో దొరికే పెద్ద బండి అదే అయింది. తాళం తిప్పగానే మీటరు బోర్డు మీద లైట్లతో పాటు 'టీ-బెల్ట్' అని ఒకటి వెలిగి ఆరేది. రోజూ కనబడే ఆ రెండు ముక్కల పేరు వల్లే, లారీల కాలంలో ఎవరూ పలకని 'టైమింగ్ బెల్ట్' అనే మాట డ్రైవర్ల నోట ఆడటం మొదలైంది. పెట్టిన గడువు పూర్తవగానే, లక్షకైతే లక్షకు, లక్షన్నరకైతే లక్షన్నరకు, ఆ లైటు వెలిగి ఇక ఆరదు. ఎంత గట్టి ఓనరైనా కిరాయివాళ్లు "ఏటా లైటు?" అని అడుగుతుంటే ఎన్నాళ్లని ఓర్చుకుంటాడు? షెడ్డుకు పంపేవాడు.

ఆ పని చూడటం ఒక ముచ్చట. పై కవరు విప్పి, క్యామ్ పుల్లీ మీది గుర్తు తిన్నగా వచ్చేదాకా ఇంజిన్‌ను పానాతో చేత్తోనే తిప్పుతాడు మేస్త్రి. హైడ్రాలిక్ టెన్షనర్ బోల్టులు రెండింటినీ కొంచెం ఇటు కొంచెం అటు సమానంగా వదులుతాడు. టెన్షనర్‌ను వైస్‌లో పెట్టి నెమ్మదిగా నొక్కాలి. తొందరపడితే లోపలి సీలు పోతుంది. పూర్తిగా అణిగాక దాని చిల్లులోంచి సన్నని పిన్ను దూర్చి ఆపుతాడు. కొత్త బెల్టు పళ్లను పుల్లీ పళ్లలో కూర్చోబెట్టి, టెన్షనర్ బిగించి, పిన్ను లాగుతాడు. బెల్టు ఒక్కసారి బిగుసుకుంటుంది. అప్పుడు క్రాంకును మళ్లీ చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తు తిరిగి అదే చోటికి వచ్చిందో లేదో చూస్తాడు. రాకపోతే మళ్లీ మొదటికి. గుర్తు కలిసేదాకా సెల్ఫ్ కొట్టనివ్వడు. సాలూరు లారీ షెడ్లలో గేరు గుర్తులు కలపడం నేర్చిన చేతులకు ఇది కష్టమైన పని కాదు. కొత్తగా నేర్చుకోవలసింది లైటు ఆర్పడమే. ట్రిప్ మీటరు బటన్ నొక్కిపట్టి తాళం తిప్పితే కిలోమీటర్ల చోట చిన్న అంకె వస్తుంది. 10 అంటే లక్ష, 15 అంటే లక్షన్నర. మళ్లీ అప్పటిదాకా లెక్క మొదలు.

విప్పిన పాత బెల్టును వెనక్కి వంచి చూస్తే పంటి మొదట్లో వెంట్రుకవాసి పగుళ్లు కనబడతాయి. కొన్నిటికి అదీ కనబడదు, కొత్తదానిలాగే ఉంటుంది. అలసిపోయేది లోపలి పోగు. అందుకే బెల్టును కంటితో చూసి ఇంకో ఏడాది ఆగవచ్చని చెప్పే మేస్త్రి మాట వినకూడదు.

ఆ లైటుకు ఒక పరిమితి ఉంది. అది బెల్టును చూడదు. బెల్టు దగ్గర దానికి సెన్సర్ ఏదీ లేదు. తిరిగిన కిలోమీటర్లను లెక్కపెడుతుంది, అంతే. పన్నెండేళ్లలో నలభై వేలు తిరిగిన ఇంటి బండిలో అది వెలగదు. ఈలోగా రబ్బరు ఎండకు, ఇంజిన్ వేడికి, కారే నూనెకు పాడైపోయి ఉంటుంది. లైటు చిరాకు పెడుతోందని బెల్టు మార్చకుండా రీసెట్ చేయించిన బండ్లూ ఉన్నాయి. అవి చేతులు మారి మన ఊళ్లకు వచ్చాయి. మీటరు వెనక్కి తిప్పి అమ్మిన బండి అయితే ఆ లెక్కకు అర్థమే లేదు. మంచి మేస్త్రులు అందుకే లైటును నమ్ముకుని ఊరుకోరు. తేదీ, కిలోమీటర్లు పెయింట్ మార్కర్‌తో కవరు మీద రాస్తారు.

గేరు, బెల్టు, లైటు అని ఇంతవరకూ వరసగా చెప్పుకొచ్చిన కథ ఇక్కడ చిక్కుపడుతుంది. 2007లో డీజిలు స్విఫ్ట్‌లో వచ్చిన 1248 సీసీ ఫియట్ ఇంజిన్‌కు బెల్టు కాదు, చైను. తర్వాత ఇండికా విస్టాలో, ఇంకా ఎన్నో బండ్లలో అదే ఇంజిన్ తిరిగింది. 2012లో వచ్చిన డస్టర్ డీజిలుకు బెల్టు. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టాకు చైను. అంటే టీ-బెల్ట్ లైటు అవసరమే లేకుండా పోయింది. చైను బండ్లు కొన్నవాళ్లలో ఇక ఏదీ చూడనక్కర్లేదనే ధీమా వచ్చింది. చైనుకూ టెన్షనర్ ఉంటుంది, దాన్ని నడిపేది ఇంజిన్ నూనె. నూనె మార్చకుండా లాగిస్తే చైను సాగి గలగలమంటుంది. ఒకే షెడ్డు ముందు ఒకే రంగు బండ్లు రెండు నిలబడి ఉంటే దేనికి బెల్టో, దేనికి చైనో ఇంజిన్ పేరు తెలిస్తే తప్ప చెప్పలేం. ఈమధ్య నూనెలో తడుస్తూ తిరిగే బెల్టులూ వచ్చాయి. సరైన నూనె పోయకపోతే అవి పిప్పిపిప్పి అయి ఆ పొట్టు నూనె దారిని మూసేస్తుంది.

లైట్లు మాత్రం పెరిగాయి. డీజిలు ఫిల్టర్లో నీరు చేరిందని ఒకటి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరుకు ఒకటి. సెంటర్లోనే అటూఇటూ తిరిగే బండిలో ఆ మసి కాలదు. లైటు వెలిగితే విజయనగరం దాకా హైవే మీద ఆపకుండా ఒక వేగంతో నడపమంటారు మేస్త్రులు. యాడ్‌బ్లూ అనే ద్రవం పోసే బండ్లకు ఇంకొకటి. అది అడుగంటాక చాలా బండ్లు ఒకసారి ఆపితే మళ్లీ స్టార్టు కావు. ఇక ఇంజిన్ బొమ్మతో వెలిగే చెక్ లైటు వెనుక వందల కోడ్లుంటాయి. మీటరు బోర్డు మీద రంగుల అర్థం మాత్రం మారలేదు. ఎరుపైతే పక్కకు తీసి ఆపాలి, పసుపైతే త్వరగా చూపించాలి.

అదే 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిలు కార్లు ఆపేసింది. కొత్త డీజిలు కార్లు తగ్గాయి గానీ పాతవి పోలేదు. విశాఖలో, హైదరాబాద్‌లో మొదటి ఓనరు దగ్గర కాలం గడిపిన ఇన్నోవాలు, డస్టర్లు రెండో చేతికీ మూడో చేతికీ మారి బొండపల్లి, మెంటాడ, దత్తిరాజేరు ఊళ్లకు వస్తూనే ఉన్నాయి. అమ్మేవాడు రంగు చూపిస్తాడు, టైర్లు చూపిస్తాడు, స్కానర్ పెట్టి కోడ్లు లేవని చూపిస్తాడు. బెల్టు ఎప్పుడు మార్చారో ఆ స్కానర్‌లో ఉండదు. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టే వాటర్ పంపును తిప్పే బండి అయితే పంపు, అన్నీ కలిపి మార్చిన బిల్లు అడగాలి. బిల్లూ లేక, కవరు మీద తేదీ కూడా లేకపోతే బెల్టు మార్చలేదనే లెక్క. బాగా తెలిసిన మేస్త్రులు అలాంటి బండికి నూనె మార్చకముందే పై కవరు విప్పుతారు, కొత్త బెల్టు వేశాకే కిరాయికి వదలమంటారు.