హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు

క్లోరోఫాం మత్తులో రోగి చనిపోతే ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా? ఇది తేల్చడానికి నిజాం రాజ్యంలో 1888, 1889లలో జరిగిన రెండు పరిశోధనలివి. మందు ఒంట్లో ఎక్కడ, ఎంత మోతాదుకు, ఎలా పనిచేస్తుందో కొలిచి చూసిన తొలినాటి పెద్ద ప్రయత్నాల్లో ఇదొకటి.

జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో ఎడింబరోలో క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే పోయింది. అప్పటినుంచి వైద్యులది తలో మాట. ఊపిరి గమనిస్తే చాలని ఎడింబరో వాళ్లు, నాడి మీంచి వేలు తీయొద్దని లండన్ వాళ్లు.

హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో జేమ్స్ సైమ్ శిష్యుడు. 1888లో కుక్కలపై ప్రయోగాలు చేసి, ఊపిరి గమనిస్తే చాలన్న గురువు మాటే నిజమన్నాడు. లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపి చూసుకోండన్నాడు. అలా 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆంజైనా నొప్పికి అమైల్ నైట్రైట్ వాడి చూపిన ఔషధ శాస్త్రజ్ఞుడాయన. గుండెనే అనుమానిస్తూ వచ్చినవాడు నాలుగు వందలకు పైగా జంతువులను పరీక్షించాక లారీ పక్షం చేరాడు. మసి పూసిన డ్రమ్ము మీద సూది గీసిన గీతల్లో ఊపిరి గీత ముందు ఆగింది, గుండె ఆ తర్వాతే ఆగింది.

గీతలు అబద్ధం కాదు, ప్రశ్నే సరిపోలేదు. జంతువులకిచ్చింది ఎక్కువ మోతాదు. అంత మత్తులో ఊపిరే ముందు ఆగుతుంది. హానా లాంటి వాళ్లు పోయింది మాత్రం మత్తు పూర్తిగా పట్టకముందే. గుట్టు 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో బయటపడింది. క్లోరోఫాం తగిలిన గుండె కండరం అడ్రినలిన్‌కు అతిగా స్పందిస్తుంది. తేలిక మత్తులో భయానికో నొప్పికో అడ్రినలిన్ ఎగదన్నితే జఠరికలు లయ తప్పి ఊరికే అదురుతాయి, రక్తం ముందుకు పోదు. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు.

లారీ మాత్రం పట్టు విడవలేదు. ఆయన శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇవ్వడాన్నే వృత్తిగా తీసుకున్నారు; మహిళా మత్తు వైద్యుల్లో తొలితరం ఆమెది.

క్లోరోఫాం తెరమరుగైనా, గుండె అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేసే ఆ గుణం 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్‌లోనూ కనిపించింది. హాలోథేన్ మత్తులో ఉన్న రోగికి అడ్రినలిన్ ఇంజెక్షన్ మోతాదుకు హద్దు పెట్టేది అందుకే.